కుడి భుజం మీది తువ్వాలు

"అమ్మాయ్, మీ అత్తయ్యని అడుగు, నా బూడిదరంగు కోటు ఎక్కడ పెట్టిందో."

మామయ్యగారు ఆ మాట అన్నది బల్లకి ఈ చివర కూర్చుని. అత్తయ్య కూర్చున్నది ఆ చివర. మధ్యలో నాలుగడుగుల దూరం, ఒక రొట్టె, ఒక వెన్న గిన్నె, కొత్త కోడలు.

కోడలు అత్తయ్య వైపు తిరిగింది. "అత్తయ్యా, మామయ్యగారి కోటు..."

"వినపడింది. లాండ్రీ నుంచి ఇంకా రాలేదు. నల్లది వేసుకోమను."

"మామయ్యగారూ, నల్లది..."

"నాకూ చెవులున్నాయమ్మా" అన్నారాయన విసుగ్గా.

ఇవాళ్టికి ఆరో రోజు. కాపురానికొచ్చి ఎనిమిది వారాలైనా నిండని కోడలు ఇలా మాటలు మోయడంలో అప్పుడే చెయ్యి తిరిగినదైపోయింది. మొదట్లో పూర్తి వాక్యాలు మోసేది. ఇప్పుడు సగం చెబితే చాలు, మిగతా సగం వాళ్ళే అందుకుంటున్నారు. ఒక్కటే అందుకోవడంలేదు, ఒకరి మొహం ఒకరు.

అంతా ఆమె ఎర్ర పెన్సిలు తెచ్చిన గొడవే.

మేడ మీద ఇల్లు, కింద వాళ్ళ చేపల హోటలు. ఓడరేవులోకి దిగే ఇరుకు సందులో పదకొండు బల్లలున్న హాలు. వంట కొడుకుది, వైన్లు తండ్రివి. ఏటా అచ్చయ్యే హోటళ్ళ మార్గదర్శి పుస్తకంలో వాళ్ళ పేరు పక్కన చిన్న లంగరు బొమ్మ ఉంటుంది, మంచి వైన్ల జాబితా ఉన్న చోటని గుర్తు. పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఆ బొమ్మ చూసే పై ఊరివాళ్ళు వెతుక్కుంటూ ఆ సందులోకి దిగుతారు. ఈసారి పరిశీలించడానికి మనిషి వస్తున్నారని ఉత్తరం రాగానే కొత్త పెళ్ళికొడుకు పెళ్ళాం దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"పరీక్షాధికారిగారూ, డిగ్రీ మీద ఆర్నెల్లు ఈ వైన్ల చదువే చదివారు కదా. వాళ్ళకంటే ముందు మన జాబితాకి తమరే మార్కులేసి పెట్టండి."

"వేస్తే ఏమిస్తావు వంటాయనా?"

"రోజూ మొదటి రొయ్య నీకే."

అంతకంటే ఏం కావాలి? నాలుగు రోజులు కూర్చుంది. నలభై రెండు వైన్లు, ఒక్కోదాని పక్కన అది ఏ చేపకి నప్పుతుందో, దాని వాసన ఎలా ఉంటుందో మామయ్యగారి గుండ్రటి రాత. మొదటి ఇరవై మూడూ ఆమె పాఠ్యపుస్తకంలోంచి లేచొచ్చినట్టున్నాయి. చివరి పందొమ్మిదీ ఈ రెండేళ్ళలో చేర్చినవి. వాటి దగ్గరికొచ్చేసరికి ఆమెకి నవ్వాగలేదు. 'ఇస్త్రీ పెట్టె కింద తడి చొక్కా.' 'కోసి మరిచిపోయిన ఆపిల్ ముక్క.' 'వానలో తడిసిన గుమ్మం.' పందొమ్మిదింటి మీదా ఎర్రగీత కొట్టి, పక్కన తను చదువుకున్న మాటలు రాసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర పాఠం ఒప్పజెప్పినట్టు గడగడా చదివేసింది.

"ఇవి చిన్నపిల్లల రాతల్లా ఉన్నాయి మామయ్యగారూ, చదివినవాళ్ళు నవ్వుకుంటారు. ఇంతకీ ఎవరి మాటలివి?"

మామయ్యగారు నీళ్ళు నమిలారు. "మీ అత్తయ్య ఏదో సరదాకి అంటుంటే రాశాన్లే. తీసెయ్. దానికేం తెలుసు వైన్ సంగతి."

సూపు వడ్డిస్తున్న అత్తయ్య గరిట గిన్నెలో పెట్టింది. చెయ్యి తుడుచుకుంది. మేడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఇంతే. ఈలోగా కోడలి మాటలతో కొత్త జాబితా అచ్చయి కూడా వచ్చేసింది.

'మా ఇంట్లో ఇవి మామూలే' అన్నాడు కొడుకు మొదటిరోజు. మూడో రోజు ఆ మాట అనడం మానేశాడు. ఇవాళ తెల్లారుతూనే చేపల రేవుకి పారిపోయి, ఇప్పుడే ఐసు గంపతో వెనక గుమ్మంలోంచి వచ్చాడు. అతని కనుబొమ్మ మీద చేప పొలుసొకటి అతుక్కుని మెరుస్తోంది. ఆమె వేలితో దాన్ని మెల్లిగా తీసి, రుమాలు కొసన ముడివేసుకుంది.

"అదీ దాచుకుంటావా?"

"నా ఇష్టం."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే బల్ల వైపు చూశారు. అక్కడ రెండు కప్పులూ కిందపెట్టిన చప్పుడు తప్ప ఏమీ లేదు. నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది.

*

పది గంటలకి హాల్లో దీపాలు వెయ్యాల్సొచ్చింది. బయట ముసురు. సందులోంచి నీళ్ళు చిన్న కాలవలా రేవులోకి దిగుతున్నాయి. వంటింటికీ హాలుకీ మధ్య ఇటూ అటూ ఊగే తలుపు, దానికి గుండ్రటి అద్దం. మామయ్యగారు నల్లకోటు వేసుకుని, ఆ తలుపుకి వీపు పెట్టి, ఒక సీసా తెరుస్తున్నారు.

"మధ్యాహ్నం పరిశీలించడానికొచ్చే ఆవిడకి పీత పెడదాం. పీతకి పన్నెండో నంబరు. ఏమంటావు?"

"మీరెలా అంటే అలా మామయ్యగారూ."

బిరడా మెత్తగా వచ్చింది. ఆయన చిన్న గ్లాసులో ఒక్క గుక్క పోసి, చూడకుండానే వంటింటి తలుపు వైపు చెయ్యి చాపారు. ఎవరో అందుకుంటారన్నట్టు.

తలుపు దగ్గర ఎవరూ లేరు.

ఆ చెయ్యి ఒక్క క్షణం గాల్లోనే ఉండిపోయింది. తర్వాత ఆయనే గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆహా! నిమ్మపూలు" అన్నారు. కోడలికీ కొంచెం పోశారు.

ఆమె గ్లాసెత్తింది. నిమ్మపూలు కాదు. నీళ్ళు చేరిన కొట్టుగదిలో నెలరోజులు నానిన అట్టపెట్టె. బిరడా చెడితే వచ్చే వాసన, చెడ్డ బిరడాల సరుకైతే పెట్టెలో సీసాలన్నిటికీ. చదువులో మొదటివారమే నేర్పించారు.

"ఎలా ఉంది?"

ఆ మొహం నిండా ఎదురుచూపు. తనని పరీక్షిస్తున్నారేమో అనుకుంది. ఒకవేళ కాకపోతే? ఇప్పటికే ఒకసారి ఎర్ర పెన్సిలు పట్టి ఇంత చేసింది. మళ్ళీనా?

"బాగుంది మామయ్యగారూ."

అత్తవారింట్లో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఆయన తేలిగ్గా ఊపిరి వదిలి, "అయితే ఈ పెట్టెలోదే తీద్దాం" అన్నారు.

అప్పుడే తలుపు కిందనుంచి సన్నగా పొగ వచ్చింది. కొడుకు వెన్న పొయ్యి మీద పెట్టి, పీతలు దింపించుకోవడానికి వెనక్కి వెళ్ళినట్టున్నాడు. హాలంతా మాడు వాసన కమ్ముకుంది. మామయ్యగారు మాత్రం తాపీగా గ్లాసులు తుడుస్తూ, పదిహేడో నంబరు ఏ తోటదో చెబుతున్నారు.

ఆమె పరుగెత్తి పొయ్యి ఆర్పి, దగ్గుతూ నల్లబడ్డ మూకుడుతో తిరిగొచ్చింది.

"మాడు వాసన రాలేదా మామయ్యగారూ?"

ఆయన మూకుడు చూశారు. చేతిలో గ్లాసుని, ఎప్పుడో తళతళలాడిపోయినదాన్ని, మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు.

"ఎన్నాళ్ళయింది?" అంది కోడలు మెల్లిగా.

"రెండేళ్ళు." ఆయన మూకుడుతో మాట్లాడుతున్నట్టున్నారు. "అబ్బాయికి తెలీదు. తెలియనివ్వకమ్మా. ముక్కులేనివాడు వైన్లు పోస్తున్నాడంటే ఈ సందులోకి ఎవడు దిగుతాడు? వాడి మొహం ఎలా చూడను?"

"మరి ఇన్నాళ్ళూ మంచీ చెడూ ఎలా..."

ఆయన ఇందాక తను చెయ్యి చాపిన వైపు, ఖాళీగా ఉన్న తలుపు వైపు ఒక్కసారి చూశారంతే.

*

వెనక వాకిట్లో రేకు కింద ముక్కాలిపీట మీద కూర్చుని అత్తయ్య ఆల్చిప్పలు గీకుతోంది. రేకు మీద వాన, చిప్ప మీద కత్తి. రెండింటిదీ ఒకటే చప్పుడు.

"అత్తయ్యా."

"ఊ."

"మామయ్యగారికి వాసన తెలీదట."

కత్తి ఒక్క రెప్పపాటు ఆగి, మళ్ళీ కదిలింది. "తనే చెప్పారా?"

"వెన్న మాడింది."

"అదీ సంగతి. వెన్న బయటపెట్టిందన్నమాట. మనిషి నోటంట ఇంకా రాలేదు."

కోడలు తడి నేల మీదే పక్కన కూలబడింది. అత్తయ్య ఇంకో పీట కాలితో ఇటు తోసింది. ఆ తోయడంలో ఉన్న కాస్త ఆదరానికే ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రెండేళ్ళ కింద జ్వరమొచ్చింది. నువ్వప్పటికి ఈ ఇంటికి రాలేదులే. పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. ఓ పొద్దున కాఫీ ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. నాలుక్కి పులుపూ వగరూ తెలుస్తాయి, అంతే. వాసన సున్నా. నేనున్నాగా అన్నాను."

ఒక చిప్ప బకెట్లో పడింది.

"సీసా తెరవగానే మొదటి గుక్క తలుపు దగ్గర నా చేతికిచ్చేవారు. నేను లోపల వాసన చూసేదాన్ని. గ్లాసులు తుడిచే తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చేదాన్ని. ఎడమ భుజం మీదుంటే మంచి సీసా. కుడి భుజం మీదుంటే చెడ్డది, మార్చెయ్యాలి. రెండేళ్ళు! కన్నకొడుకుతో సహా ఎవ్వరికీ అనుమానం రాలేదు. వంటింటి ఆడదాని భుజాలు ఎవరు చూస్తారే?"

"మరి జాబితాలో ఆ మాటలు..."

"కొత్త వైనొస్తే వాసన రాయాలిగా. నాకు మీ పుస్తకాల మాటలు రావు. ఏ వాసనొస్తే అది చెప్పాను. ఇస్త్రీ పెట్టె కింద తడి చొక్కా అంటే పకపకా నవ్వారు. జ్వరం తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. అక్షరం మార్చకుండా రాసుకున్నారు." అత్తయ్య కత్తి కొసతో చిప్ప పెదవి వెతుకుతోంది. "ముప్పై రెండేళ్ళయింది నేనీ వంటింట్లోకొచ్చి. బోర్డు మీద ఆయన పేరు. వంటకాల పక్కన వీడి పేరు. నావంటూ ఈ హోటల్లో ఉన్నవి ఆ పందొమ్మిది మాటలే."

కోడలికి తన వేళ్ళ మధ్య ఆ ఎర్ర పెన్సిలు ఇంకా ఉన్నట్టే అనిపించింది. ఎంత ముచ్చటపడుతూ కొట్టింది ఆ గీతలు! స్కేలు కూడా పెట్టింది, నీటుగా ఉండాలని.

"నాకు తెలీదత్తయ్యా."

"నీకు తెలీదు. అందుకే నీ మీద కోపం లేదు." అత్తయ్య తలెత్తింది. "ఆయనకి తెలుసు."

వాన కాస్త జోరందుకుంది.

"మధ్యాహ్నం ఒక్కసారి తలుపు దగ్గర నిలబడండి అత్తయ్యా. ఈ పూటకి. పొద్దున తెరిచిన పన్నెండో నంబరు చెడిపోయింది. ఆయన నిమ్మపూలన్నారు. నేను... నేను బాగుందన్నాను. అదే పెట్టెలోది తీస్తానంటున్నారు."

"అయితే వెళ్ళి చెప్పు, బాగాలేదని."

"ఇప్పుడు నేను చెబితే ఆయన మొహం..."

"చూశావా? నీకే నోరు రాలేదు. ఎనిమిది వారాలకే ఈ ఇంటి పద్ధతి ఒంటబట్టేసింది." అత్తయ్య లేచి కత్తి కడుక్కుంది. "నన్ను పిలవకు. నాకేం తెలుసమ్మా వైన్ సంగతి."

అచ్చం ఆ రాత్రి మామయ్యగారన్న మాటే. విరుపు కూడా అలాగే.

*

పరిశీలించడానికొచ్చినావిడ సన్నగా, బడి పంతులమ్మలా ఉంది. గొడుగు తనే మడిచి మూల పెట్టుకుని, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, మంచినీళ్ళడిగింది. పెన్సిలు తీసి మొన చెక్కుకుంది.

"పీతకి ఏమిస్తారండీ?"

"పన్నెండో నంబరండి" అన్నారు మామయ్యగారు.

వంటింటి తలుపు పక్కన నిలబడ్డ కోడలు తలుపుకి ఇంకా దగ్గరగా జరిగింది. పొద్దున తను 'బాగుంది' అన్న మాటే ఆ సీసాని ఇక్కడిదాకా నడిపించుకొచ్చింది.

బిరడా వచ్చింది. మొదటి గుక్క చిన్న గ్లాసులో పడింది. రెండేళ్ళ అలవాటు చొప్పున ఆయన చెయ్యి తలుపు వైపు చాపారు. ఈసారి గ్లాసు అందుకున్నది కోడలు.

తలుపవతల వెనక్కి తిరిగి వాసన చూసింది. అదే అట్టపెట్టె. వెనక వాకిట్లో కత్తి చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. మేకుకి తెల్ల తువ్వాలు వేలాడుతోంది.

తీసుకుంది. కుడి భుజం మీద వేసుకుని, తలుపు తోసుకుని హాల్లోకొచ్చింది.

మామయ్యగారు తువ్వాలు చూశారు. ఆ పిల్ల మొహం చూశారు. చెవుల దాకా పాలిపోయారు. అయినా మనిషి గట్టివాడు. బల్ల మీది గ్లాసులో కాస్త పోసి, ముక్కు దగ్గరికి తెచ్చి, ఆగి, "క్షమించండి. ఈ సీసా మీకివ్వలేను. మారుస్తాను" అన్నారు.

"ఏదీ, ఇలా ఇవ్వండి." ఆవిడ గ్లాసు తీసుకుని వాసన చూసి తలాడించింది. "తడిసిన అట్ట. చాలా చోట్ల ఏమీ ఎరగనట్టు పోసేస్తారు. మంచి పని చేశారు." పెన్సిలుతో ఏదో రాసుకుంది.

కోడలికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. లోపలికి పరుగెత్తి, పీత చుట్టూ నిమ్మ ముక్కలు సర్దుతున్న వంటాయన చెవిలో చెప్పెయ్యాలనిపించింది. ఆ సంబరం ఎంతసేపు? ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసేంతసేపు.

"ఇదేంటండీ ఇది? పోయిన నెల మీరు పోస్టులో పంపిన జాబితా ఒకలా ఉంది. ఇక్కడ బల్ల మీద ఇంకోలా ఉంది."

"కొత్తది... మొన్ననే అచ్చు వేయించామండి. సవరించి."

"సవరించారా?" ఆవిడ కొత్తదాన్ని పక్కన పెట్టేసింది. "ఈ మాటలు ప్రతి ఊళ్ళోనూ చదువుతాను నేను. ఒకే మనిషి అందరికీ రాసిపెట్టినట్టుంటాయి." పాతదాన్ని వెలుతురు వైపు తిప్పింది. "'ఇస్త్రీ పెట్టె కింద తడి చొక్కా.' నెల రోజులుగా చొక్కా ఇస్త్రీ చేసినప్పుడల్లా ఈ వైన్ నోట్లోకొస్తోందండీ! దీని కోసమే ఇంత వానలో దిగొచ్చాను. ఎవరివీ మాటలు?"

వెనక వాకిట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది.

అప్పుడే కొడుకు పీత పళ్ళెంతో హాల్లోకొచ్చి, తండ్రి పక్కన నిలబడ్డాడు. అతని వెనక తలుపు ఊగి ఊగి ఆగింది. గుండ్రటి అద్దంలో అత్తయ్య మొహం. ఆమెని చూసింది కోడలొక్కతే.

చెప్పండి మామయ్యగారూ, అనుకుంది ఆ పిల్ల, గోళ్ళు అరచేతిలో గుచ్చుకునేలా. ఒక్క మాట. ఆరు రోజులుగా ఎన్ని మాటలు మోశాను మీ ఇద్దరికీ. ఇదొక్కటీ మీరే చెప్పండి.

ఆయన పెదవులు విడివడ్డాయి. కోడలి భుజం మీది తువ్వాలు చూశారు. కొడుకుని చూశారు. ఈ మాటలు వాళ్ళమ్మవని చెబితే, నీ ముక్కేమైందని వాడు అడగడూ?

"నావేనండి" అన్నారు.

కొడుకు నవ్వుతూ తండ్రి వీపు తట్టాడు. "మా నాన్నకి ఇలాంటివి భలే తడతాయండీ!"

తలుపు తెరుచుకుంది. అత్తయ్య వచ్చింది. గుమ్మం దాటి రెండడుగులు మించి ఆ హాల్లోకి, అతిథులున్నప్పుడు, ఆమె ఏనాడూ రాలేదు. రబ్బరు చెప్పులు, మోచేతుల దాకా ఉప్పునీళ్ళు. తిన్నగా కోడలి దగ్గరికొచ్చి, ఆమె భుజం మీది తువ్వాలుకే చేతులు తుడుచుకుంది. మడత సరిచేసింది.

"బాగానే వేశావు. కుడి భుజమే." ఆమె గొంతులో కోపం లేదు. అదే భయమేసింది కోడలికి. "ఇకనుంచి నువ్వే వేసుకో."

బల్లల మధ్యనుంచి నడుచుకుంటూ, భర్త పక్కనుంచి గాలి కదిలేంత దగ్గరగా దాటి, వీధి తలుపు తెరిచింది. గంట మోగింది. గొడుగు లేదు. పై ఊరి వైపు ఎక్కే సందులో వాన ఆమెని రెండు నిమిషాల్లో చెరిపేసింది.

"అమ్మా?" అన్నాడు కొడుకు, పళ్ళెం చేతిలోనే ఉండగా. "నాన్నా, అమ్మ ఎక్కడికి? ఏ భుజం? ఏమంటోంది?"

"ఎవరండీ ఆవిడ?" అంది పరిశీలించడానికొచ్చినావిడ.

మామయ్యగారు రెండో సీసా తెరిచారు, ఈసారి ముప్పయ్యో నంబరు. బిరడా కింద పడి దొర్లింది. మొదటి గుక్క పోశారు. తలుపు వైపు చాపారు.

కోడలు అందుకుంది. లోపలికి వెళ్ళలేదు. అక్కడే, అందరి ముందూ, గ్లాసులోకి వంగింది.

వానలో తడిసిన గుమ్మం.

చదివిన ఆర్నెల్ల చదువులోంచి ఇంకో మాట రాలేదు. ఎంత వెతికినా ఆ ఒక్కటే. తను స్కేలు పెట్టి కొట్టేసిన మాట.

ఆమె కుడి భుజం మీంచి తువ్వాలు తీసింది. ఎడమ భుజం దాకా తీసుకెళ్ళింది. వెయ్యలేదు. చేతిలోనే పట్టుకుని, ఇంకా తెరిచే ఉన్న వీధి తలుపు వైపు చూస్తూ నిలబడింది.

మామయ్యగారు మాత్రం ఆమె భుజాలనే చూస్తున్నారు.